‘మంచి ఏరియా’ ఎవరికి మంచి?

2001 ఆగస్టులో చికాగోలో దిగిన నాలుగో రోజే నాకు సలహా దొరికింది. ఇచ్చినాయన మా కర్నూలు జిల్లావాడే. ఇరవై ఏళ్ల కిందట వచ్చి స్థిరపడ్డవాడు. “చదువుకున్నోడివి, ఆ తురకల బజార్లో ఎన్నాళ్లుంటావు తమ్ముడూ? సబర్బుకొచ్చెయ్. మంచి ఏరియా, మంచి స్కూళ్లు, అంతా మన తెలుగోళ్లే” అన్నాడు. నా తెలుగు వింటూ వింటూ నా పేరు మరిచిపోయాడు పాపం.

ఆ తురకల బజారు పేరు డెవాన్ అవెన్యూ. నగరానికి ఉత్తరపు కొసన ఉంటుంది. ఒకప్పుడు యూదుల వీధి. 1965 వలస చట్టం తలుపు తెరిచాక హైదరాబాదు నుంచీ గుజరాత్ నుంచీ లాహోరు నుంచీ వచ్చినవాళ్లు అక్కడ చేరుతూ వచ్చారు. ఒకే వీధిలో ఒక ముక్కకు గాంధీ పేరు, ఒక ముక్కకు జిన్నా పేరు, మరొకదానికి ముజీబ్ పేరు, ఇంకొకదానికి గోల్డా మేయిర్ పేరు పెట్టారు. సరిహద్దులు గీసుకుని విడిపోయిన దేశాల పెద్దల పేర్లు అక్కడ పక్కపక్కనే వేలాడతాయి. వాటి కింద మనుషులు చీరలు బేరమాడతారు, బిర్యానీ తింటారు.

రెండో సలహా ఒక హైదరాబాదీ సాహెబు ఇచ్చాడు. “డెవాన్‌లో ఉండేది టాక్సీలు తోలేవాళ్లు” అన్నాడు. నా వచ్చీరాని ఉర్దూ విని “మీరు దూదేకులవాళ్లా?” అని నవ్వాడు కూడా. తెలుగాయన నా ముస్లింతనాన్ని మరిచాడు, ఉర్దూ ఆయన దాన్ని అనుమానించాడు. ఒక్క మాట దగ్గర మాత్రం ఇద్దరూ కలిశారు: డెవాన్ వద్దు, సబర్బు ముద్దు.

నేనూ నమ్మాను. 2002లో నా భార్యా కూతురూ రాగానే నగరానికి ముప్ఫై మైళ్ల అవతల అపార్ట్‌మెంటు తీసుకున్నాను. పచ్చటి గడ్డి, కొత్త రంగు గోడలు. కాలిబాట లేదు. బస్సు లేదు. పాల డబ్బా కావాలన్నా కారెక్కాలి. ఉన్నది ఒక్క కారు, అది పొద్దున్నే నాతో వెళ్లిపోతుంది. నా భార్యది నా వీసాకు తోకలాంటి వీసా. ఉద్యోగం చేసే హక్కు లేదు. (ఆ వీసా మీదున్నవాళ్లలో కొందరికి పని అనుమతి దొరకడానికి 2015 దాకా పట్టింది.) చలికాలంలో పాపకు జ్వరమొస్తే నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా తడిగుడ్డ వేస్తూ కూర్చుంది.

మా ఇళ్లలో గోషా లేదు. దూదేకుల ఆడవాళ్లు దూది ఏకినవాళ్లు, పరుపులు కుట్టినవాళ్లు, సంతకు పోయి అమ్ముకున్నవాళ్లు. ఆ ఇంటి పిల్ల ఒకరోజు నాతో “మా అవ్వ కూడా ఇట్లా గోడలు చూస్తా కూర్చోలేదు” అంది. మా వంశంలో ఎవరూ ఎరగని గోషాను నేను డాలర్లు పోసి అద్దెకు తెచ్చాను. మా బురఖా గురించి తెల్లారి లేస్తే ఉపన్యాసాలిచ్చే ప్రగతిశీల మిత్రులారా, ఈ గోషా గురించి మీరెప్పుడైనా ఒక్క వ్యాసం రాశారా?

ఆ చలికాలం వెళ్లకముందే డెవాన్‌కు తిరిగొచ్చాం. ఇంటి ముందు నూట యాభై అయిదో నంబరు బస్సు. నా భార్య పాపను బడిలో దించి, కూరగాయలు తెచ్చుకుని, ఇంగ్లీషు క్లాసుకు వెళ్లేది. అదే రోజుల్లో ప్రభుత్వం పాతిక దేశాల మగవాళ్లు ఆఫీసుకొచ్చి వేలిముద్రలు వేయాలంది. ఒక్క ఉత్తర కొరియా తప్ప తక్కినవన్నీ ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాలే. పాకిస్తాన్, బంగ్లాదేశ్ ఉన్నాయి. ఇండియా లేదు. మా కింది అంతస్తులో లాహోరు కుటుంబం. వాళ్ల కాగితాలు మా వంటింటి బల్ల మీద చదివాం. లాయరు ఎక్కడ దొరుకుతాడో పక్క కొట్టువాడు చెప్పాడు. ఆ భయాన్ని సబర్బులో ఒంటరిగా మోసినవాళ్ల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది.

డెవాన్ స్వర్గమని చెప్పడం లేదు. చట్టం చెప్పిన కనీస కూలి ఎగ్గొట్టి, కాగితాలు లేనివాడి చేతిలో చిల్లర పెట్టిన యజమాని మనవాడే. ఒక్క గదిలో ఆరుగుర్ని కుక్కి అద్దె గుంజినవాడూ మనవాడే. జుమ్మా నమాజులో నా భుజానికి భుజం ఆనించి నిలబడి, బయటికి రాగానే ‘దూదేకులోడు’ అన్నవాడూ మనవాడే. వీళ్లను వదిలిపెట్టి అవతలివాళ్లనే తిడితే అది సగం నిజం.

అయినా ఒక్కటి అడగాలి. “మీరంతా ఒకేచోట ఎందుకు గుంపుగా ఉంటారు?” అని లౌకిక మిత్రులు బాధపడతారు. అరోరా బాలాజీ గుడికి దగ్గరలో ఇల్లు కొనుక్కుంటే అది సౌకర్యం. మసీదుకు నడిచి వెళ్లే దూరంలో ఉంటే అది ఘెట్టో. మీది కమ్యూనిటీ, మాది పాతబస్తీ. 1999లో హైదరాబాదులో ఇల్లు వెతికినప్పుడు ఒక ఇంటాయన నా తెలుగు విని మురిసిపోయాడు. పేరు వినగానే “మేం శాకాహారులం” అన్నాడు. లోపల్నుంచి చేపల పులుసు వాసన వస్తోంది. తలుపులు మూసేది మీరు, గుంపుగా ఉన్నామని నింద మా మీదా?

ఇక ‘మంచి ఏరియా’ సంగతి. అమెరికాలో ఆ మాటకు అసలర్థం నల్లవాళ్లు లేని చోటు. 1930లలో ప్రభుత్వ సంస్థే నల్లవాళ్ల పేటలకు పటం మీద ఎర్రరంగు పులిమి, ఇక్కడ ఇంటి అప్పు ఇవ్వడం ప్రమాదమంది. 1966 ఆగస్టు 5న ఇదే చికాగోలో, ఇళ్ల దగ్గర వివక్ష వద్దని ఊరేగింపు తీసిన మార్టిన్ లూథర్ కింగ్ తలకు రాయి తగిలింది. 1968 ఏప్రిల్‌లో ఆయన్ని చంపిన వారానికి ఇళ్ల వివక్షను నిషేధించే చట్టం సంతకమైంది. అందులో జాతి, రంగుతో పాటు మతం, పుట్టిన దేశం కూడా ఉన్నాయి. అంటే సబర్బులో ఇల్లు కొన్న ప్రతి సాహెబూ, ప్రతి రావుగారూ ఆ రాయికి బాకీ. బాకీ తీర్చకపోగా “ఆ ఏరియా మంచిది కాదు” అని నల్లవాళ్ల వీధి వైపు వేలెత్తుతున్నాం. మొఘల్‌పురా గురించి మనం విన్నది సరిగ్గా ఈ మాటే కదా! అక్కడ అవమానమైంది ఇక్కడ తెలివెట్లా అవుతుంది?

పోనీ సబర్బు మనల్ని అక్కున చేర్చుకుందా? 2000లో పేలస్ హైట్స్‌లో ముస్లింలు పాత చర్చి కొని మసీదు పెట్టుకోబోతే, వదిలి వెళ్లిపోతే రెండు లక్షల డాలర్లిస్తామంది ఊరి కౌన్సిల్. అది అవమానమని ఆ తీర్మానాన్ని ఆపింది అక్కడి తెల్ల మేయరే. డుపేజ్ కౌంటీలో ఒక ముస్లిం సంస్థ ప్రార్థనాస్థలానికి అనుమతి నిరాకరిస్తే 2013లో ఫెడరల్ కోర్టు ఆ కౌంటీని తప్పుపట్టింది. అక్కడ పట్టుకోవడానికి ఒక చట్టమైనా ఉంది. మన దేశంలో అద్దె ఇంటి గుమ్మం దగ్గర మతం అడిగేవాణ్ణి నిలదీసే అలాంటి చట్టం ఇవాళ్టికీ లేదు.

కొత్తగా దిగే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను చెప్పేది ఇదే. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు గడ్డి చూడకండి. కారు లేని రోజున మీ ఆడవాళ్లు ఎక్కడిదాకా నడిచి వెళ్లగలరో చూడండి. అర్ధరాత్రి ఎవరి తలుపు కొట్టగలరో చూడండి. ముందు బస్తీలో కాళ్లూనుకోండి. తర్వాత సబర్బుకు వెళ్తారో, అక్కడే ఉంటారో మీ ఇష్టం. భయంతో ఉండిపోవద్దు, సిగ్గుతో పారిపోవద్దు. వెళ్లేవాళ్లు మాత్రం వెనకొచ్చేవాడి మొహాన తలుపు వేసి వెళ్లకండి.

నా కూతురు ఇప్పుడు పెద్దదైంది. ఇల్లు వెతుక్కుంటోంది. మొన్న బ్రోకరు “ఇది చాలా మంచి ఏరియా” అన్నాడట. “ఎవరికి?” అని అడిగిందట నా బిడ్డ.