కొత్త నాయకుడు, కొండంత పని



బడికి గాని, ఆటల జట్టుకు గాని కొత్త నాయకుడు వస్తే, ఆయన ఏమి చెబుతాడా అని అందరూ చెవులు రిక్కిస్తారు. ఏమి చెప్పాడన్నది తరువాత సంగతి. పనిని ఏ వరుసలో చేయిస్తాడో ముందు చూడాలి. ఇందుకు మన ప్రాంతం వ్యక్తి కథే చెబుతాను.

మన కోడేరు నుండి కృష్ణ దాటి దక్షిణంగా పోతే, తుంగభద్ర ఒడ్డున ఆలంపురం వున్నది. అక్కడ పుట్టిన ఆర్. ఎస్. ప్రవీణ్ కుమార్ గారు 2021 దాకా పోలీసు అధికారిగా వున్నారు. 2012 లో ఆయన సాంఘిక సంక్షేమ గురుకుల విద్యాసంస్థకు కార్యదర్శి అయినారు. 2021 దాకా ఆ బాధ్యతలో వున్నారు. గురుకులాల పిల్లలకు చదువుతోబాటు కొండలెక్కే విద్య కూడా నేర్పించాలని ఆయన పూనుకున్నారు.

ఎకాయెకి ఎవరెస్టుకు పంపారా? లేదు. మొదట భువనగిరి ఏకశిలపై తాడు పట్టడం నేర్పించారు. తరువాత డార్జిలింగు పర్వతారోహణ విద్యాలయం. ఆపైన లడఖ్ చలి. 2007 లో ఎవరెస్టు ఎక్కిన శేఖర్ బాబు గారు శిక్షకులు. ఇన్ని మెట్లు దాటిన మీదట, 2014 మే 25 న, నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ 8,848 మీటర్ల శిఖరంపై నిలిచారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు!

ఇన్ని మెట్లెందుకంటారా? శిఖరం మీద కూడా గాలిలో ప్రాణవాయువు నూటికి సుమారు 21 పాళ్ళే. కాని గాలి వత్తిడి సముద్రమట్టాన వున్నదానిలో మూడవ వంతే. అందుచేత ఒక్కొక్క శ్వాసలో అందే ప్రాణవాయువు చాలదు. శరీరం ఎర్ర కణాలను పెంచుకొని అలవాటు పడడానికి వారాలు పడుతుంది. తొందరపెడితే ప్రాణానికే ముప్పు. ఆ యేడే ఏప్రిల్ 18 న నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది కొండదారి పనివారు మరణించారు. మన పిల్లలు ఎక్కినది టిబెట్ వైపు నుండి. అయినా కొండ ఒక్కటే గదా! అటువంటి చోటికి ఒకరి కన్నబిడ్డలను పంపినవారికి కంటిమీద కునుకు వుంటుందా?

తల్లిదండ్రులారా! మీ పిల్లలను అడవికో కొండకో తీసుకుపోతామని ఎవరైనా వస్తే, "ఎంత ఎత్తు ఎక్కిస్తారు?" అని అడగకండి. "ఎక్కడ మొదలుపెడతారు? నడుమ ఒంట్లో బాగులేకపోతే ఎవరు దింపుకొని వస్తారు?" అని అడగండి. సరియైన జవాబు వస్తే సంతోషంగా పంపండి.

పిల్లలూ! సోమశిలకో, నల్లమలకో పోయే జట్టుకు ఈసారి మీరే నాయకులు కావచ్చు. అప్పుడు అందరికన్నా మెల్లగా నడిచేవాణ్ణి ముందు నడిపించండి. మీరు వెనుక నడవండి. బయలుదేరినప్పుడు ఎందరో, తిరిగి వచ్చినప్పుడూ అందరేనా అని తలలు లెక్కపెట్టండి.