గాడిలో పరుగెత్తే కారు

పోయిన వేసవిలో మా రెండవవాడు పదవ తరగతిలో లెక్కలు తప్పాడు. కోపంలో అనరాని మాటలు అన్నాను. పదిహేను రోజులు వాడు నాతో మాట్లాడలేదు. నేను భోజనం చేసి లేచాకే కంచం ముందు కూర్చునేవాడు. అప్పుడు ఇంగ్లాండు నుండి వచ్చిన మా బావమరిది స్లాట్ కార్ల సంగతి చెప్పాడు.

ఆ దేశంలో ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అనే ఆయన మొదట కీ ఇస్తే నడిచే రేకు కార్లు చేసేవాడట. తరువాత వాటికి విద్యుత్ మోటారు బిగించి, దారిలో గాడి ఏర్పరచి, 1957లో హారోగేట్ బొమ్మల ప్రదర్శనలో స్కేలెక్స్‌ట్రిక్ అనే పేరుతో చూపించాడు. మసెరాటి 250ఎఫ్ వంటి ఆనాటి పందెపు కార్లే వాటికి నమూనా. ఇప్పుడు ఆ పాతకాలపు కార్లను ఇత్తడి గొట్టం, తీగ, చెక్క, అట్ట పెట్టి స్వయంగా చేసుకునే పెద్దవాళ్ళు కూడా ఉన్నారు.

కీలకమంతా గాడిలోనే ఉంది. దానికి రెండు అంచులా రెండు లోహపు పట్టీలుంటాయి. కారు ముందు అడుగున ఒక నాలుక గాడిలోకి దిగుతుంది. దాని ప్రక్కనున్న రాగి కుచ్చులు పట్టీలను రాసుకుంటూ మోటారుకు కరెంటు అందిస్తాయి. స్టీరింగు లేదు. మలుపులో వేగం తగ్గించకపోతే కారు గాడిలోంచి ఎగిరిపోతుంది.

మావాడు దూరంగా కూర్చుని వింటున్నాడని గమనించాను. మర్నాడు నేనే మొదలుపెట్టాను. తిరునాళ్ళలో కొన్న బొమ్మ కారు విరిగి మూల పడివుంది. దాని మోటారు, పండ్లచక్రాలు, వెనుక ఇరుసు తీశాను. ముందు ఇరుసుకు సైకిలు స్పోకు ముక్క, చక్రాలకు అరిగిన హవాయి చెప్పు. తడి మట్టితో కారు ఆకారం చేసి, దానిమీద చింతపిక్కల జిగురుతో కాగితం పొరలు అంటించి, ఆరాక మట్టి తీసేశాను. (కొండపల్లి బొమ్మలవారు కూడా చింతపిక్కల జిగురు, రంపపు పొట్టు కలిపి బొమ్మ భాగాలు అతుకుతారు.) పాత పందెపు కారు పొడవాటి దోసకాయలా ఉండి చక్రాలు బయటికి ఉంటాయి కనుక చేయడం తేలిక.

దారికి ఫ్రిజ్ పెట్టెల అట్ట. అడుగున ఒక అట్ట, దానిమీద మధ్యలో సన్నని సందు వదిలి రెండు అట్టలు. ఆ సందే గాడి. పట్టీలకు మెరిసే బిస్కెట్ కాగితం అంటించాను. మూడు టార్చి బ్యాటరీలు కలిపి మీట నొక్కితే కారు కదలలేదు. అరగంట తంటాలు పడ్డాను. అప్పుడు వెనుకనుండి, “నాన్నా, అది రేకు కాదు, ప్లాస్టిక్. కరెంటు పోదు” అన్నాడు.

టార్చి బల్బు పెట్టి చూపించాడు కూడా. పాత వైరు ఒలిచి రాగి తీగ వేద్దామన్నాడు. ఎంత తీగ కావాలని అడిగాను. చెరొక చివర 45 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో అర్ధవృత్తం, నడుమ 120 సెంటీమీటర్ల తిన్నని దారులు రెండు. కాగితంమీద లెక్క వేసి, ఒక్కో తీగకు సుమారు 523 సెంటీమీటర్లు అన్నాడు. నేను సరిచూశాను. తప్పు లేదు.

మేకుకు దారం కట్టి మలుపు గీసి అట్ట కోస్తుండగా, ఆనాటి మాటలకు నన్ను క్షమించమని అడిగాను. వాడు తల ఎత్తకుండా, “కత్తెర ఇటివ్వండి నాన్నా” అన్నాడు.

మొదటి మలుపులోనే కారు బోర్లాపడింది. అడుగున ఇనుప వాషర్లు రెండు అంటిస్తే నిలబడింది. చేయదలచిన వారికి ఒక్క హెచ్చరిక: బ్యాటరీలే వాడండి, ఇంటి కరెంటు జోలికి పోవద్దు. కారు ఎక్కడైనా ఆగితే వెంటనే మీట వదలాలి, లేకపోతే మోటారు కాలుతుంది.

దారి ఇప్పుడు మంచం క్రింద ఉంది. నాతో పందానికి రెండో గాడి వేస్తానంటున్నాడు. ఇంకొక మోటారు వెదకాలి.