పుల్లయ్యకు జపానులో ఒక చుట్టం



మన ఇళ్ళలో పిల్లలకు జపాను అనిమేల పిచ్చి ముదిరింది. తిట్టి లాభం లేదు. వాటి వెనక ఉన్న పాత గ్రంథాలేమిటో చూద్దామని మేము కొందరం మొదలుపెట్టాం. అలా దొరికినవాడే ఇనుజుకా షినో, ఆడపిల్లలా పెరిగిన యోధుడు.

క్యోకుతెయి బాకిన్ రాసిన 'నాన్సో సతోమి హక్కెన్‌డెన్' అనే నవలలో ఎనిమిదిమంది వీరులుంటారు. అందరి ఇంటిపేరూ 'ఇను'తోనే మొదలవుతుంది, అంటే కుక్క. 1814లో మొదలైన ఈ నవల 1842లో ముగిసింది, మొత్తం 106 పుస్తకాలు. చివరికి బాకిన్‌కు చూపు పోతే ఆయన చెబుతుంటే కోడలు రాసిపెట్టింది. (ఆ కోడలి గురించి విడిగా ఒకసారి రాయాలి.)

ఈ ఎనిమిదిమందిలో ఆడవేషం ఉన్నవాళ్ళు ఇద్దరు. ఒకడు ఇనుసాకా కెనో. తన కుటుంబాన్ని నాశనం చేసినవాడి మీద పగ తీర్చుకోవడానికి నాట్యగత్తెగా తిరిగి, విందు జరిగిన రాత్రే శత్రువును నరికేస్తాడు. ఇది విన్నవాళ్ళు "మన బృహన్నల కథే కదా" అంటారు. కెనో విషయంలో కొంతవరకు సరే. వేషం ఒక పని కోసం, పని అయ్యాక తీసేయడమే.

షినో సంగతి వేరు. అతని కంటే ముందు పుట్టిన మగపిల్లలు తల్లిదండ్రులకు దక్కలేదు. ఇతన్నయినా దక్కించుకోవాలని ఆడపేరు పెట్టి, ఆడబట్టలు కట్టి పెంచారు. ఊరి పిల్లలు ఎగతాళి చేసేవారు. తండ్రి మాత్రం ఆ బట్టల్లోనే కత్తిసాము నేర్పాడు. ఇక్కడ మోసపోవలసింది శత్రువు కాదు, మృత్యువు.

ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? మనలో పుట్టిన బిడ్డలు దక్కకపోతే తరువాతి బిడ్డను ఎంగిలి విస్తళ్ళ మీద పెట్టి తెచ్చుకుని పుల్లయ్య అన్నారు, పెంటకుప్ప మీద పెట్టి తెచ్చుకుని పెంటయ్య, పెంటమ్మ అన్నారు. మగపిల్లాడికి ముక్కు కుట్టించిన ఇళ్ళూ ఉన్నాయి. తమిళనాట మన పక్కింటి కుప్పుసామి, కుప్పమ్మాళ్ పేర్లదీ ఇదే కథ. 'ఈ బిడ్డ ఎవరికీ అక్కర్లేదు, నువ్వు కూడా తీసుకుపోవద్దు' అని చావుతో ఆడిన అబద్ధం అది. ఆ అబద్ధం ఆడినప్పుడు ఆ తల్లి ప్రాణం ఎలా ఉండి ఉంటుందో!

మరి మనమేం చేస్తున్నాం? పెళ్ళి పత్రికల్లో తాతగారు పెంటయ్య అయితే 'పి.' అని కుదించి చుక్క పెడుతున్నాం. బళ్ళో పిల్లలు నవ్వుతారని, పక్క భాషవాళ్ళు అడుగుతారని గెజెట్‌లో మార్పించుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ఇబ్బంది మాకు అర్థం కాక కాదు. 'పెంట' అన్న పిలుపు పడుతూ బడికి వెళ్ళే పిల్లకు పాత ప్రేమ గురించి ఉపన్యాసం చాలదు. బతికున్నవాళ్ళ పేరు వాళ్ళ ఇష్టం. కానీ పోయినవాళ్ళ పేరు దాచే హక్కు మనకు లేదని మా అభిప్రాయం.

షినో పెద్దవాడయ్యాక 'మోరితకా' అనే వీరుడికి తగిన పేరు వచ్చింది. అయినా చిన్నప్పటి ఆడపేరు వదల్లేదు. ఇనుజుకా షినో మోరితకా, అంతే. ఎత్తయిన మేడ కప్పు మీద ఇనుకాయ్ గెన్‌పాచితో పోరాడి ఇద్దరూ కింద నదిలోని పడవలో పడిన ఘట్టం జపాను చిత్రకారులకు ఎంతో ఇష్టం. ఆ బొమ్మల్లో ఉన్న యోధుణ్ణి అందరూ షినో అనే పిలుస్తారు. దానివల్ల వీరత్వానికి తరుగేమీ రాలేదు.

వచ్చే మాఘంలో మన సంఘంలో పెళ్ళిళ్ళున్నాయి. పత్రిక అచ్చుకు ఇచ్చేముందు ఇంట్లో పెద్దమ్మనో నాయనమ్మనో అడగండి, ఆ పేరు ఎందుకు పెట్టారని. ముందు పోయిన బిడ్డలు ఎంతమందో కూడా అడగండి. ఆమెకు గుర్తుంటుంది.