గడగడ చదువు

తోరణగల్లులో మా ఇంటి అరుగుమీద మా చిన్నవాడు ఇంగ్లీషు పాఠం గడగడ చదువుతూంటే మురిసిపోయాము. అర్థం అడిగితే బిక్కమొగం వేశాడు.

1823లో కలెక్టరు క్యాంబెల్ దొర ఆనాటి బళ్లారి జిల్లాలో 533 బడులు లెక్కపెట్టాడు. తెలుగువి 226, ఇంగ్లీషుది ఒక్కటే. పిల్లలు పద్యాలు వల్లిస్తారు, అర్థం మాత్రం చిలుకలకు తెలిసినంతే నని నివేదికలో వాపోయాడు. తెలుగు వ్యాకరణం రాసినవాడు గనుక ఆ మాట తోసివేయలేము.

వాణ్ణి ఏమనగలం? మా ఆఫీసు బంట్రోతు ఒకడు తనను గూర్చిన కాగితం చదివి చెప్పమన్నాడు. ‘హార్డ్‌లీ వర్క్స్’ అని ఉంది. కష్టపడి పనిచేస్తావని రాశారోయ్ అన్నాము. పాపం, మిఠాయి తెచ్చి పెట్టాడు. అసలు పనే చేయడని దాని అర్థం. నెలలోగా ఉద్యోగం పోయింది. సంజాయిషీ రాసుకోవలసిన రోజులు మా మాట నమ్మి ఊరకే గడిపేశాడు.

మా ఉచ్చారణలో మాత్రం లోపం లేదు.