గొట్టం తాళం

తాళానికి కప్ప వుంది, చెవి వుంది. బీగం అనేవాళ్లయినా దానికి ఒక చెవి తగిలించందే వూరుకోరు. చెవి అనగానే మన కళ్ల ముందు మెదిలేది పళ్లున్న రేకుముక్క. మరో రకం వుంది. చిన్న గొట్టంలా గుండ్రంగా వుంటుంది, కొసన చుట్టూ చిన్న చిన్న గాట్లు. దుకాణాల అద్దాల బీరువాలకూ, డబ్బు వేస్తే సరుకు పడే యంత్రాలకూ, డబ్బుపెట్టెలకూ ఈ రకం తాళాలు బిగిస్తారు. చూడగానే ‘అబ్బో, దీన్నెవడు తెరవగలడు’ అనిపించడం దీని గొప్ప.

మా మేనల్లుడు ఇంజనీరింగు విద్యార్థి. వాడికి ఇటీవల చెవి లేకుండా తాళాలు తెరిచే సరదా పట్టుకుంది. చుట్టూ తిరిగి ఈ గొట్టం తాళం దగ్గర ఆగాడు. ఏ పనిముట్టు కొనాలో తేల్చుకోలేక నా సలహా అడిగాడు. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఇటువంటి వాటికి కూడా కావ్యాలే తిరగేస్తాను. శూద్రకుడి మృచ్ఛకటికంలో శర్విలకుడు కన్నం వేసేముందు అది ఏ ఆకారంలో వుండాలా అని తర్కించుకుంటాడు. కొలతాడు మరిచి వచ్చి జంధ్యంతోనే గోడ కొలుస్తాడు. పనిముట్టు మీద అంత శ్రద్ధ వుండాలిరా అన్నాను. పక్కగదిలోంచి మా ఆవిడ, “ఏమండీ, ఆ శర్విలకుడు దొంగతనానికే గదూ వచ్చింది?” అంది.

నిజమే. ఈ సరదాకూ ఆ విద్యకూ మధ్య వున్న గీత గట్టిగా గీసుకోవలసిందే. జర్మనీలో 1997 నుంచి ఈ సరదా వున్నవాళ్లకు ఒక సంఘం వుంది. ఇతర దేశాల్లోనూ వచ్చాయి. వాళ్లు పాటించే నియమాలు రెండే. నీది కాని తాళాన్ని యజమాని అనుమతి లేకుండా ముట్టుకోకు. నీదే అయినా సరే, వాడుకలో వున్న తాళాన్ని ముట్టుకోకు. ఈ రెండోది నాకు బాగా నచ్చింది. లోపల ఏదైనా వంగిందంటే అసలు చెవికి కూడా తెరుచుకోదు మరి. మావాడు పాతసామాను కొట్లో ఒక గొట్టం తాళం కొని బల్లకు బిగించుకున్నాడు.

లోపలి సంగతి ఇది. సాధారణంగా ఏడు పిన్నులు వలయంగా నిలబడి వుంటాయి. ప్రతి పిన్నూ రెండు ముక్కలు, వెనక ఒక స్ప్రింగు. చెవి కొసనున్న గాట్లు ఒక్కొక్క పిన్నును దానికి తగిన లోతుకు నెడితే, ముక్కల మధ్య అతుకులన్నీ ఒకే మట్టానికి వస్తాయి. అప్పుడు కడ్డీ తిరుగుతుంది. ఒక్కటి వెంట్రుకవాసి తేడా వచ్చినా తిరగదు.

బజారులో దొరికే పనిముట్టు కూడా గొట్టమే. చుట్టూ ఏడు సన్నని ఉక్కు పుల్లలు, వాటిని పట్టి వుంచే రబ్బరు ఉంగరం. తాళంలో పెట్టి, తిప్పీ తిప్పనట్టు వత్తిడి ఇస్తూ ముందుకూ వెనక్కూ మెల్లగా కదిలిస్తే, ఏ పిన్ను ఎంత లోతో ఆ పుల్ల అంత వెనక్కి జరుగుతుంది. తెరుచుకునేసరికి చేతిలో చెవి అచ్చు మిగులుతుంది! కిటుకంతా ఉంగరం బిగువులో వుంది. వదులైతే పిన్ను మట్టానికి రాకముందే పుల్ల జారుతుంది. బిగిస్తే పిన్నును మట్టం దాటించేస్తుంది. తంబురా శ్రుతి చేసినంత పని. చవకరకం సెట్లలో 7, 7.5, 7.8 మిల్లీమీటర్ల కొలతలవి మూడు కలిపి అమ్ముతారు. వాటిలో ఒక్కొక్క పుల్లకు ఒక్కొక్క బిగువు. మన తాళానికి పిన్నులెన్ని, అడ్డమెంత అని చూసుకుని మంచిది ఒక్కటే కొనడం మేలు.

అయితే అది తరవాత కొనమన్నాను. ముందు ఒక సన్నని పుల్లతో, తిప్పడానికి మరో చిన్న రేకుతో, పిన్ను వెంట పిన్ను తెరవమన్నాను. విసుగెత్తే పని. ఏడో వంతు తిరిగేసరికి ప్రతి పిన్నూ పక్కదాని గుంట ఎదుటికి వచ్చి మళ్లీ అడ్డం పడుతుంది. మళ్లీ మొదటికి రావాలి. కాని ఒక్కొక్క స్ప్రింగు ఎలా పలుకుతుందో వేలికి తెలిసేది ఇందులోనే. కొన్ని తాళాల్లో స్ప్రింగులను కావాలనే హెచ్చుతగ్గు బిగువులతో అమరుస్తారు. అటువంటిచోట కొన్న పనిముట్టు తెల్లబోతుంది; చెయ్యి తెల్లబోదు.

ఇప్పటి గొట్టం తాళాన్ని తయారుచేసింది షికాగో లాక్ కంపెనీ, 1933లో. దాని పూర్వీకుడు ఇంకా పెద్దవాడు. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1784లో పేటెంటు పొందిన తాళానికీ గుండ్రని చెవే. అటువంటి తాళం ఒకటి లండను పికడిల్లీలోని తన కొట్టు కిటికీలో పెట్టి, చెవి లేకుండా తెరిచినవాడికి 200 గినీలు బహుమానం అని ప్రకటించాడు. దానిలో పద్దెనిమిది పలకలు. బ్రామా పోయాడు, కొట్టు నిలిచింది, బహుమానం అలాగే వుంది. 1851లో మహా ప్రదర్శనకు వచ్చిన అమెరికా తాళాలవాడు హాబ్స్ తన పనిముట్లు తానే తయారుచేసుకుని కూర్చున్నాడు. పదహారు రోజుల్లో మొత్తం యాభై ఒక్క గంటలు పట్టింది. తెరిచాడు. లండను పత్రికల్లో పెద్ద గొడవ. ఇటువంటివి పదిమందికీ చెప్పవచ్చునా అని. దొంగలకు ఎప్పుడో తెలిసిన సంగతి గృహస్థుకు తెలియకుండా దాచితే లాభమెవరికి అన్నది హాబ్స్ పక్షం. ఆ తాళం ఇప్పుడు లండను సైన్సు మ్యూజియంలో వుంది.

2004లో ఈ గొడవే అమెరికాలో మళ్లీ వచ్చింది. పేరున్న కంపెనీ సైకిలు తాళాలు మామూలు ప్లాస్టిక్ కలం గొట్టంతో తెరుచుకుంటున్నాయని ఒక సైకిలిస్టు లోకానికి చూపించాడు. మెత్తని ప్లాస్టిక్ గదా, పిన్నుల మీద వత్తితే వాటి అచ్చు తీసుకుంటుంది. కంపెనీ తాళాలు మార్చి ఇచ్చింది.

ఇదంతా మావాడికి వినోదంగానే వుంది, వాళ్లమ్మ పెట్టె గుర్తొచ్చేదాకా. మా చెల్లెలు వుండే వీధిలో పద్నాలుగు మంది ఆడవాళ్లు నెలనెలా పొదుపు చేసుకుంటారు. ఆ డబ్బుపెట్టె చెల్లెలి దగ్గరే. దాని చెవి గుండ్రనిదే. తన బల్లమీద తాళమూ అదీ ఒకే బాపతు అని చెవి చూడగానే వాడు పోల్చుకున్నాడు. పెట్టెను ముట్టుకోలేదు. తల్లికి చెప్పాడు.

చెల్లెలు నా దగ్గరకు వచ్చింది. “అన్నయ్యా, ఈ సంగతి అందరికీ చెబితే రేపు రూపాయి తగ్గినా మావాడి వైపే చూస్తారు. చెప్పకపోతే తెలిసి దాచినదాన్ని అవుతాను” అని. రెండూ నిజమే. చెప్పడమే మంచిదన్నాను. అన్నంత సులభం కాదు, ఆ పద్నాలుగు మంది ముందు కూర్చోవలసింది నేను కాదు గదా.

చెప్పింది. ఒకావిడ ముఖం మాడ్చుకుందట. మరొకావిడ, “నీ కొడుకు చెప్పాడు కాబట్టి తెలిసింది” అని అక్కడే డబ్బు లెక్కపెట్టించి, మర్నాడు ముగ్గురు కలిసి బ్యాంకులో వేసి వచ్చారు. ఖాళీ పెట్టె ఇప్పుడు మా మేనల్లుడి బల్లమీద వుంది. వాళ్లే ఇచ్చారు, వాడుకలోనూ లేదు గనక నియమాలు రెండూ అడ్డు రావు. నిన్న మూడో విడతకు వచ్చాడు. అయిదో పిన్ను లొంగడం లేదట.