కలంకారీ అని రాస్తే సరిపోదు

ఆన్‌లైన్‌లో 'కలంకారీ చీర' అని వెతికితే పేజీల కొద్దీ చీరలు వచ్చిపడతాయి. నెమళ్లు, కమలాలు, బుద్ధుడి ముఖాలు, పెద్దపెద్ద అంచులు. వాటిలో చాలావాటిని కలమూ తాకలేదు, చెక్క అచ్చూ తాకలేదు. పాలిస్టర్ మీదో ఆర్ట్ సిల్కు మీదో యంత్రం ముద్రించిన బొమ్మలవి. చవకలో దొరికే ప్రింటెడ్ చీర కట్టుకోవడంలో తప్పేమీ లేదు. ఇంట్లో, పొలంలో, ఆఫీసులో కోట్లమంది ఆడవాళ్లు రోజూ కట్టేది అదే. తప్పల్లా ఆ చీరకు వేరొకరి పనితనం పేరు తగిలించి అమ్మడంలోనే ఉంది.

ఆ పనితనం ఏమిటో మచిలీపట్నం పక్కనున్న పెడనలో చూడవచ్చు. ముందు గుడ్డను బాగా ఉతికి గంజి వదలగొడతారు. కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరేస్తారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు, కరక్కాయలోని వగరు రంగును పట్టి ఉంచుతుంది. తుప్పుపట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడితే నల్లరంగుకు కావలసిన ద్రావణం తయారవుతుంది. టేకు చెక్కలో చెక్కిన అచ్చును అందులో అద్ది, గోనెలు పరిచిన బల్ల మీది గుడ్డపై ఆనించి, పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తారు. అచ్చు మీద అంతగా కనిపించని ఆ నీరు కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే కళ్లముందే నల్లబడుతుంది. ఎరుపు కావలసినచోట అసలు రంగే వేయరు, పటిక అద్దుతారు. గుడ్డను పారే నీళ్లలో జాడించి, ఎర్రరంగు మరిగే కాగులో వేస్తే పటిక పడినచోటే ఎరుపు నిలుస్తుంది. మిగతాది ఉతుకులకూ ఎండకూ వదిలిపోతుంది.

ఎన్ని రంగులుంటే అన్ని అచ్చులు, అన్ని విడతలు. వానాకాలంలో ఎండ చాలదు, వేసవిలో కాలవలు కట్టేస్తే నీళ్లు చాలవు. శ్రీకాళహస్తిలో అచ్చు కూడా ఉండదు. వెదురు కలానికి ఉన్ని చుట్టి, రంగులో ముంచి, వేళ్లతో నొక్కుతూ రామాయణ ఘట్టాలను చేత్తోనే గీస్తారు. ఇంత శ్రమకూ, గంటల్లో వేల మీటర్లు ముద్రించే యంత్రానికీ ఒకే పేరు ఉంటే, కొనేవాళ్లు తక్కువ ధరనే చూస్తారు. అందులో వాళ్ల తప్పు లేదు. తేడా చెప్పేవాళ్లు ఉండాలి కదా.

ఒకప్పుడు ఈ గుడ్డలను చూసి యూరప్ ప్రభుత్వాలే కంగారుపడ్డాయి. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టడానికి కోరమండల్ తీరపు అద్దకం బట్టలు ఒక ముఖ్య కారణం. పర్షియాకూ ఆగ్నేయాసియాకూ అప్పటికే ఆ వ్యాపారం నడుస్తోంది. అద్దకం బట్టలను 1686లో ఫ్రాన్స్ నిషేధించింది, తర్వాత ఇంగ్లండు కూడా 1700లో ఒకసారి, 1721లో మరింత గట్టిగా చట్టాలు చేసింది. 1719లో లండన్ నేతగాళ్లు వీధుల్లో ఆడవాళ్ల ఒంటిమీది అద్దకం బట్టలను చించేశారు. తెలుగు నేర్చి తెలుగు నిఘంటువు కూర్చిన జెస్యూట్ పాద్రీ కూర్దూ, కోరమండల్ తీరపు పనివాళ్ల నుంచి ఈ అద్దకం గుట్టు తెలుసుకుని 1742లో ఫ్రాన్స్‌కు లేఖ రాసి పంపాడు. అంతమంది ఆరా తీసిన విద్య ఇది. దాని పేరును ఈరోజు ఎవరైనా ఏ గుడ్డకైనా పెట్టుకోగలుగుతున్నారంటే బాధ కలగకుండా ఎలా ఉంటుంది?

చట్టం లేక కాదు. మచిలీపట్నం కలంకారీకీ శ్రీకాళహస్తి కలంకారీకీ భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు ఇచ్చే 1999 నాటి చట్టం ప్రకారం గుర్తింపు పేరును తప్పుగా వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. అయితే ఆ గుర్తింపు ఊరి పేరుతో కలిసి ఉంది. అమ్మేవాళ్లు ఊరి పేరు వదిలేసి 'కలంకారీ ప్రింట్' అని మాత్రం రాస్తే పట్టుకోవడం కష్టం. పట్టుకున్నా, పది బల్లల షెడ్డు నడిపే మనిషి ఏ ఊళ్లోనో ఉన్న పెద్ద వ్యాపారి మీద కేసు వేసి వాయిదాలకు తిరగగలడా?

అసలు పనివాళ్ల వైపు నుంచీ ఒక నిజాయితీ అవసరం. వెనుకటి ఎరుపును చిరివేరు అనే మొక్క వేళ్ల నుంచి తీసేవారు, ఇప్పుడు ఎక్కువగా వాడేది కృత్రిమంగా తయారైన అలిజరిన్. పెడనలోనే స్క్రీన్ ప్రింటింగ్ చేసేవాళ్లూ ఉన్నారు. అలిజరిన్ వాడినంత మాత్రాన అచ్చు పని విలువ తగ్గదు. కానీ ఆ బట్టను 'పూర్తిగా సహజ రంగులు' అని అమ్మితే, యంత్రం గుడ్డను కలంకారీ అని అమ్మేవాళ్లను వేలెత్తి చూపే హక్కు పోతుంది.

పట్టుకు అసలుదని చెప్పే సిల్క్ మార్క్ ఉంది. కొనేవాళ్లు దాన్ని చూసి అడిగి మరీ తీసుకుంటున్నారు. అద్దకం చీరకూ ఒక చీటీ కావాలి. గుడ్డ ఏది, రంగు ఏది, ఏ ఊళ్లో చేశారు, అచ్చా, కలమా, స్క్రీనా, డిజిటలా అన్నది అందులో తెలుగులో ఉండాలి. దుకాణంలో అడిగేవాళ్లు చీరను తిరగేసి కూడా చూడవచ్చు. రెండు అచ్చులు కలిసేచోట వెంట్రుకవాసి తేడా ఉంటే అది చేతిపనికి ఆనవాలు. ఎక్కడ చూసినా ఒక్క గీత కూడా తప్పకపోతే అనుమానించాలి.

ఈ చీటీకి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. లేపాక్షి, గోల్కొండ హస్తకళల షోరూములు ప్రభుత్వాలవే. తమ దగ్గరున్న ప్రతి అద్దకం చీరకూ అవి ముందుగా ఈ చీటీ కట్టవచ్చు. ఆన్‌లైన్ కంపెనీలతో రెండు తెలుగు రాష్ట్రాల చేనేత, హస్తకళల శాఖలు కలిసి మాట్లాడి, చీర అమ్మకానికి పెట్టేవాళ్లు ముద్రణ పద్ధతి తప్పనిసరిగా రాసేలా చూడాలి. తప్పు రాసిన చీరల మీద ఫిర్యాదు చేసే బాధ్యత, కోర్టు ఖర్చు ఆ శాఖలే భరించాలి.