తలక్రిందుల ధైర్యం

"భయపడకండి, నేనున్నానుగా!" శీర్షాసనం నేర్పే శిబిరాలలో తరచుగా వినిపించే మాట ఇది. అక్కడ పలికే మాటలన్నిటిలోకీ అపాయకరమైనది కూడా ఇదేనని నా అభియోగం. తలక్రిందులుగా నిలబడబోయే మనిషికి భయం వెయ్యడం లోపం కాదు. బరువు మొయ్యడం భుజాలకింకా చేతకాదనీ, మెడలోని ఏడు చిన్న పూసలకు అది అప్పగించవద్దనీ దేహం చేసుకునే విన్నపం అది. ఆ విన్నపాన్ని అదిలించి, చీలమండలు పట్టి పైకెత్తి, గోడకు చేరవేసేవారిని గురువులనడానికి నాకు మనసొప్పదు.

సంప్రదాయం పేరు చెప్పి దబాయించేవారున్నారు. సరే, సంప్రదాయాన్నే చూద్దాం. 15వ శతాబ్దపు హఠయోగప్రదీపికలో స్వాత్మారాముడు వర్ణించిన ఆసనాలలో శీర్షాసనం లేదు. తలక్రిందులయ్యే ప్రక్రియ విపరీతకరణి అన్న పేరుతో, ఆసనాలనూ ప్రాణాయామాన్నీ దాటాక, మూడవ ప్రకరణంలో ముద్రల నడుమ కనిపిస్తుంది. గురువు చెప్పగా నేర్వవలసినదనీ, మొదటినాడు క్షణకాలమే చేసి దినదినమూ కొంచెం కొంచెంగా పెంచుకోవాలనీ అక్కడ ఉంది. ఆరు నెలల్లో ముడతలూ నెరసిన వెంట్రుకలూ మాయమవుతాయనీ అక్కడే ఉందనుకోండి. మనవాళ్ళకు గుర్తుండిపోయింది ఆ మాటొక్కటే! అన్నట్టు, 2015 నుంచి ఏటా జూన్ 21న దేశమంతటా చేయించే ఉమ్మడి యోగాభ్యాస క్రమంలోనూ శీర్షాసనానికి చోటు లేదు.

ఇక బరువు సంగతి. టెక్సాస్‌లో 45 మంది అనుభవజ్ఞులను కొలిచి చూస్తే, నడినెత్తిపై పడిన గరిష్ఠ భారం వారి దేహభారంలో 40 నుంచి 48 శాతం వరకు ఉన్నట్టు తేలింది. 70 కిలోల మనిషికైతే దాదాపు 28 నుంచి 34 కిలోలన్నమాట. ఏళ్ళ తరబడి చేసినవారి లెక్క ఇది! నిన్న చేరిన మనిషి కాలు విసిరి ఎగిరితే ఆ బరువు కుదుపుతో సహా మెడ మీదకు దిగుతుంది.

కనుక మొదట నేర్పవలసింది పైకి లేవడం కాదు. మోచేతులు భుజాల వెడల్పున నేలకు ఆనించి, వేళ్ళు పెనవేసి, నడుము పైకెత్తి, తల నేలను తాకకుండా నిలవడం నేర్పాలి. నిమిషం పాటు భుజాలు వణక్కుండా నిలవలేని మనిషికి తల ఆనించే పని లేదు. నిలవగలిగాక తల తేలిగ్గా ఆనించి, పాదాలను ముఖం వైపు నడిపించుకుంటూ రావాలి. నడుము భుజాల మీదుగా చేరితే కాళ్ళు వాటంతటవే తేలికవుతాయి. ఎగరవలసిన అవసరం అప్పుడు కలగదు. దీనికి వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు. పదిరోజుల శిబిరాలకు గిట్టనిది ఈ నిదానమే.

ఆ తరువాత పడటం నేర్పాలి. వెల్లకిలా తూలిపోతున్నప్పుడు పెనవేసిన వేళ్ళు విడిచి, గడ్డం రొమ్ముకు చేర్చి, వీపు గుండ్రంగా చేసి దొర్లిపోవాలి. చిన్నప్పుడు గడ్డివాముల దగ్గర వేసిన పిల్లిమొగ్గే! మెత్తటి పరుపు మీద, తెలిసినవారి సమక్షంలో ఆ పిల్లిమొగ్గ వచ్చినవారికి, మోకాళ్ళు మడిచి మెల్లగా దిగడం తెలిసినవారికి ధైర్యాన్ని ఎవరూ బోధించనక్కరలేదు. గోడను నమ్ముకున్నవారికి గోడ ఉన్నంతవరకే ధైర్యం.

మా పిన్నికి గ్లాకోమా. ఒక శిబిరంలో ఆమెను వరుసలో నిలబెట్టి, మీ వంతు వచ్చిందన్నారు. కళ్ళ గురించి గానీ, రక్తపోటు గురించి గానీ ఒక్కరూ అడగలేదు. ఆమే నోరు తెరిచి చెప్తే, "మెదడుకు రక్తం బాగా అందుతుంది, అన్నీ సర్దుకుంటాయి" అన్నారట. మెదడుకు చేరే రక్తాన్ని దేహం తనంతట తానే క్రమపరచుకుంటుంది. కంటి సంగతి వేరు. శీర్షాసనంలో కంటి లోపలి ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుందని చెన్నైలోని శంకర నేత్రాలయ వైద్యులు 2006లో ప్రకటించారు. పిన్ని లేచి ఇంటికి వచ్చేసింది. మొహమాటపడి ఉంటే?

అలాగని శీర్షాసనాన్నే మానేయాలనే వారితోనూ నాకు పొత్తు కుదరదు. సమస్యలు లేని మనిషి ఓపిగ్గా నేర్చుకుంటే అందులో దొరికే నెమ్మది నాకు తెలుసు. మీరూ చేరబోతుంటే, డబ్బు కట్టకముందే గురువుగారిని ఒక్కటడగండి: "పడిపోతే ఏం చెయ్యాలండీ?" అని. "నేనుండగా ఎందుకు పడతారు?" అన్నారా, చెప్పులు వేసుకుని వచ్చేయండి.